లైఫ్, వైఫ్, తాయిఫ్

"మా అమ్మ, నాయిన పోట్లాడుకుంటలేరు చాచా," అంది ఫోన్‌లో సృజన.

అప్పుడు నేను రియాద్ రింగు రోడ్డు మీద ఉన్నాను. ముందు సిమెంటు లారీ, వెనక సైరన్ మోగిస్తున్న అంబులెన్సు, పక్కన అద్దం దించి లోకాన్నంతా తిడుతున్న ఒక టాక్సీ. ఆ రొదలో నా చెవికి చేరింది ఆ మాటే. సంతోషం ఆపుకోలేకపోయాను.

"అల్‌హమ్దులిల్లా! మొగుడూ పెండ్లాం ఒకే ఇంట్లో ఉండి పోట్లాడుకోకుండా ఉండారంటే మామూలు సంగతి కాదు పాపా. ముందు దిష్టి తీయించు. ఆ కిటుకేందో మీ మేరాజ్ చాచీకి గూడా చెప్పు, నీకు పుణ్యముంటాది."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"నేను ఏడ్సుకుంట చెప్తుంటే నీకు మస్కిరీలు గావట్టె!"

బండి ఒక పెట్రోలు బంకులోకి తిప్పి, మళ్లీ చెప్పించుకున్నాను. పోట్లాడుకోవడం కాదు, మాట్లాడుకోవడం. "మాట్లాడుకుంటలేరు" అంది పిల్ల. మొదటి అక్షరం ఒక్కటి మారేసరికి, కష్టంలో ఉన్న ఇంటికి ముబారక్ చెప్పి కూర్చున్నాను.

నా పేరు గులాం మొహిద్దీన్, ఊరు రాయచోటి. ఆస్పత్రి సిబ్బందిని డ్యూటీలకు చేర్చే బస్సుల కంపెనీలో ఇన్‌ఛార్జిని. ఇక్కడికి వచ్చినవాడికి సొంత ఊరు పదేపదే యాదికొస్తుంది కాబట్టే ఈ నగరానికి రీ-యాద్ అని పేరు పెట్టారని నా సిద్ధాంతం. మా బస్సెక్కిన ప్రతి మనిషికీ ఈ సిద్ధాంతం ఒకసారి వినిపించాను. రెండోసారి కూడా నవ్వినవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో సృజన ఒకతె. జగిత్యాల పిల్ల, నర్సు. అందుకే ఆమె చాచా అంటే నాకు మురిపెం.

ఆమె తండ్రి భోజన్న. పేరులో భోజనం ఉంది గానీ ఒంట్లో లేదు, గాలికి ఊగే మనిషి. ఏసీలు బాగుచేసే పని. ఇరవై ఏళ్లకు పైగా ఈ దేశంలోనే, కంపెనీ క్యాంపులో ఉన్నాడు. రెండేళ్లకోసారి రెండు నెలలు సెలవు మీద ఇంటికి వెళ్లి రావడం. ఈ ఏడు రంజాన్ పండగ వెళ్లిన వారమే, అల్లుడు సాయికుమార్ విజిట్ వీసా తీయించి అత్తగారు సీతాబాయిని పిలిపించాడు. భోజన్న కూడా కంపెనీలో బతిమాలుకుని క్యాంపు నుంచి కూతురి ఫ్లాట్‌కి మారాడు. పెళ్లయ్యాక మొదటిసారి ఆ ఇద్దరూ, అత్తమామలు, ఆడబిడ్డలు లేని ఇంట్లో మూడు నెలలు కలిసి ఉండబోతున్నారు. సృజన కొత్త దుప్పట్లు కూడా కొంది.

"నాయిన టీవీ చూస్తడు. అమ్మ బాల్కనీల నిలవడ్తది. నేను డ్యూటీకి వెళ్తే ఆ ఇంట్ల ఏసీ చప్పుడు తప్ప ఇంకోటి ఉండదు చాచా," అంది సృజన. "అయితే అసలు బాధ అది గాదు. కంపెనోళ్లు నాయినను అడుగుతున్నరు, ఇంకో రెండేండ్లు ఉంటవా, ఖురూజ్ కొట్టాల్నా అని."

ఖురూజ్ అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి పొమ్మని కొట్టే ముద్ర. వినడానికి 'కూర్చో' అన్నట్టుంటుంది, అర్థం మాత్రం 'లెయ్' అని.

"ఈసారి ఇంటికి పోతననే ఉండె. ఇప్పుడేమో 'మీ అమ్మకు నేనింట్ల ఉంటే బరువే గొడ్తది, ఇంకో రెండేండ్లు రాయించుకుంట' అంటుండు. అమ్మనడిగితే 'ఆయనకు ఈడనే అలవాటైంది, ఉండనీ, నా టికెట్ ముందలికి జరుపు' అంటున్నది. అరవైకి దగ్గర పడ్డ మనిషి చాచా. ఎండకాలం మేడల మీదికెక్కి ఏసీలు ఇప్పుతడు. పోయిన యేడు ఒకసారి పడిపోతే మా ఆస్పత్రికే తెచ్చిండ్రు, సెలైన్ నేనే పెట్టిన. ఇంకో రెండు ఎండకాలాలు ఎట్ల తట్టుకుంటడు?"

ఇంటికొచ్చి మా ఆవిడ మేరాజ్ బేగానికి చెప్పాను.

"ఇంట్లో గోడలు చూసుకుంటా కూర్చుంటే కొత్త జంటకైనా మాటలు రావు జీ. బయటికి తిప్పండి," అంది.

"వాళ్లు కొత్త జంటనా? కూతురికే పెండ్లయిపోయింది."

"కలిసి ఉండింది లెక్కేసుకుంటే మనకంటే కొత్తోళ్లే."

అట్లా మొదలైంది ఆ వసంతకాలం. నా ముసలి జీఎంసీ బండి, మేరాజ్ డేక్చాలో బిర్యానీ, సీతాబాయి చేసిన సకినాలు, శుక్రవారం శుక్రవారం ఒక ఊరు. సాయికుమార్‌ను కూడా రమ్మన్నాం గానీ, ఆ అబ్బాయికి సెలవురోజు నిద్రపోవడం రెండో ఉద్యోగం.

మొదటి వారం ఎడ్జ్ ఆఫ్ ది వరల్డ్‌కు పోయాం. రియాద్ దాటి, తారు రోడ్డు దాటి, రాళ్లబాటలో ఒళ్లంతా కుదుపుకుంటూ పోతే, ఒకచోట నేల హఠాత్తుగా అయిపోతుంది. ఇక ముందు ఏమీ లేదు. కింద ఎక్కడో పాతాళంలో ఎండిపోయిన ఏటి చారలు, వాటి మీద చీమల్లాంటి ఒంటెలు. గాలి మనల్ని వెనక్కి నెడుతుంటే, కళ్లు మాత్రం ముందుకు లాగుతాయి. మేరాజ్ నా చొక్కా పట్టుకుని వదల్లేదు. ముప్ఫై ఏళ్లలో మా ఆవిడ నన్ను అంత గట్టిగా పట్టుకున్నది లేదు.

"ప్రపంచపు అంచున లంచ్!" అని అరిచాను నేను. లోయ కూడా 'లంచ్, లంచ్' అని ఒప్పుకుంది.

చాప పరిచాం. భోజన్న ఒక చివర కూర్చున్నాడు. సీతాబాయి ఇంకో చివర కూర్చుంది. మధ్యలో బిర్యానీ.

"బిడ్డా, మీ నాయినకు నీళ్లు గావాల్నేమో అడుగు," అంది సీతాబాయి.

"వద్దని చెప్పు," అన్నాడు భోజన్న కూతురితో.

"ఎముక తగులుతదని చెప్పు, చూసుకొని తినుమను."

"తెలుసని చెప్పు."

సృజన అటూ ఇటూ తల తిప్పి నా వైపు చూసింది. చూశావా, ఇదీ నా బతుకు అన్నట్టు.

తిన్నాక భోజన్న లేచి, ఫోన్ ఆకాశానికెత్తి అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. అక్కడ సిగ్నల్ రాదు, ప్రపంచం అయిపోయిన చోట టవర్లు మాత్రం ఎక్కడుంటాయి! మనిషికి కాలు నిలవడం లేదు. "జెర జల్ది పోదామా మొహిద్దీన్ భాయ్?" అన్నాడు నాతో. సీతాబాయి ముఖం కూడా వాడిపోయి ఉంది. ఇంత దూరం తీసుకొచ్చి లోయ చూపిస్తే ఇద్దరికీ ఇంటి మీదికే మనసు పోయిందేమని నాకు చిన్నతనం వేసింది.

తిరుగు దారిలో, హైవే ఎక్కగానే ఒక బంకు దగ్గర టీకి ఆపాను. బండి ఆగీ ఆగకముందే ఇద్దరూ చెరో తలుపు తీసుకుని దిగిపోయారు. ఆయన టైర్ల దుకాణం వెనక్కి, ఆమె ఆడవాళ్ల నమాజు గది వైపు. మేము రెండు టీలు తాగేదాకా రాలేదు. వచ్చినప్పుడు చూస్తే ఇద్దరి ముఖాలూ కడిగిన పళ్లేల్లా ఉన్నాయి. భోజన్న ఈల వేస్తున్నాడు కూడా.

"చూశావా? కరక్ చాయ్ మహిమ," అన్నాను మేరాజ్‌తో. "కరెక్ట్ చాయ్ అని పేరు పెట్టాల్సింది."

"ఆయన చాయ్ తాగనే లేదు కదా జీ," అంది మేరాజ్.

ఆ మాట నేను పట్టించుకోలేదు.

మరుసటి వారం హుఫూఫ్. తూర్పుకు పోతుంటే దారంతా ఇసుక, ఇసుక, ఒంటెలు, మళ్లీ ఇసుక. ఇక కళ్లు మూసుకుందాం అనుకునేసరికి ఒక్కసారిగా పచ్చదనం. చూపు ఆనినంత దూరం ఖర్జూరపు తోటలు, వాటి మధ్య కాలువల్లో పారే నీళ్లు. సీతాబాయి బండి ఆపించి, దిగి, కాలువలో కాళ్లు పెట్టి నిలబడింది. "గిన్ని నీళ్లు పెట్టుకొని ఎడారి ఎడారి అంటరేంది!" అని మాతో వాదానికి దిగింది. ఎండకు ఒకసారి 'ఉఫ్' అని, నీడలోకి పోయి హాయిగా ఇంకోసారి 'ఉఫ్' అంటారు కాబట్టే హుఫూఫ్‌లో రెండు ఉఫ్‌లున్నాయని విడమరిచాను. ఆమె నవ్వింది. మంచి మనిషి. పేరు చివర 'బాయి' ఉంది, ఎప్పుడు 'బై' అంటుందో అని నాకు దిగులు.

పాత బజారులో ఆడవాళ్లు ఖర్జూరపాకుల బుట్టలు బేరమాడారు. ఆ తర్వాత ఖారా కొండకు పోయాం. ఖారా అంటే మా రాయచోటిలో మిఠాయి కొట్టు మిక్చరు. ఇది అది కాదు. కొండ నిలువునా చీలిపోయి, ఆ చీలికల్లో గుహలు. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల నీడ, చల్లటి గాలి. ఎత్తైన రాతి గోడల మధ్య సన్నటి దారులు, తలెత్తితే దారమంత ఆకాశం. నేను మాట్లాడితే నా గొంతు నాకే నాలుగుసార్లు వినిపించింది. నాకు ఇంతకంటే మంచి ప్రదేశం భూమ్మీద ఉండదు.

బయల్దేరే వేళకు భోజన్న కనపడలేదు. వెతుక్కుంటూ ఒక చీలిక మలుపు దగ్గరికి వెళ్లాను. మలుపు అవతల నుంచి నవ్వు వినిపించింది. అది భోజన్న నవ్వు అని పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది, ఎందుకంటే అంతవరకూ నేను దాన్ని వినలేదు.

"గుట్ట లోపల ఎంత సల్లగున్నదనుకున్నవ్! మా ఏసీలు ఏం పనికొస్తయి దీని ముందల... ఆఁ... నువ్వు సూడాలె ఇది. నిన్ను ఒకపారి తోల్కరావాలె ఈడికి." మళ్లీ నవ్వు. "మోకాలు నొప్పి తగ్గిందా? తైలం రాసుకుంటున్నవా లేదా? నిర్లక్ష్యం చెయ్యకు మరి."

ఫోన్‌లోంచి సన్నగా ఒక గొంతు. గుహలో మోగి మోగి ఎవరిదో తెలియడం లేదు గానీ, ఆడగొంతే.

పెండ్లాం ఈ కొండలోనే ఎక్కడో తిరుగుతోంది. ఈయన ఇంకెవరినో 'తోల్కరావాలె' అంటున్నాడు. ఇంట్లో మనిషికి నీళ్లు వద్దని కూతురితో చెప్పించే మనిషి, ఎవరిదో మోకాలికి తైలం రాయిస్తున్నాడు! రెండేళ్లు రాయించుకుంటానని ఎందుకన్నాడో అప్పుడు నాకు తెలిసిపోయినట్టే అనిపించింది.

ఇంటికి చేరేదాకా నేను ఒక్క పన్ కూడా వేయలేదు. మేరాజ్‌కు భయమేసి నుదురు ముట్టుకుని చూసింది. తలుపు వేశాక చెప్పాను.

"తోబా తోబా," అంది. అని, నెమ్మదిగా, "జీ, నేను చెప్పకూడదనుకున్నా. సీతాబాయి గూడా ఒంటరిగా పోయి ఫోన్‌లో మాట్లాడతాంది. ఈ రోజు ఆ గుహ బయట విన్నా. 'కడుపు నిండ తిన్నవా? ఎండల తిరుగకు, పని మెల్లగ చేసుకో' అంటాంది. ఎవరితోనో? మొగుడు మన ముందరే రెండు పళ్లేలు తిన్యాడు కదా!"

"ఎవరో అన్నో తమ్ముడో అయి ఉంటాడు."

"అన్నతో మాట్లాడేటప్పుడు ఏ ఆడమనిషన్నా కొంగు అంచు వేలికి చుట్టుకుంటాదా?"

ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఆ పిల్లకు చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఆ తర్వాత మేరాజ్ నన్నే అనుమానంగా చూసింది. "మొగోళ్లకు ఇట్లాంటివి ఎట్ల కుదురుతాయి జీ? మీకు తెలిసే ఉంటాది." భోజన్న చేసిన దానికి ఆ వారమంతా నాకు చప్పిడి కూర పడింది.

బుధవారం సృజన బస్సు దిగుతూ నా పక్కన ఆగింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఆదివారం జవాబు చెప్పుమన్నరట కంపెనోళ్లు. నాయిన ఉంటనని చెప్తడట. అమ్మ బట్టలు సదురుకున్నది. తిరిగిండ్రు, చూసిండ్రు, ఏం ఫాయిదా లేదు చాచా."

"తాయిఫ్ ఒక్కటి మిగిలుండాది పాపా."

"ఇంకెందుకు చాచా."

"ఇఫ్‌లూ బట్‌లూ వద్దు. ఇది గులాబీల కాలం. లైఫ్‌లో వైఫ్‌తో ఒకసారి తాయిఫ్ పోనివాడికి ఖురూజ్ కొట్టకూడదని చట్టం తేవాల," అన్నాను. నవ్వలేదు పిల్ల. తలూపింది, అంతే.

ఒట్టు గుర్తుంది గానీ, నా మనసులో ఇంకో పథకం ఉంది. తాయిఫ్‌లో భోజన్నను ఒక మూలకు తీసుకెళ్లి, ఆ మోకాలినొప్పి మనిషి ఎవరో కక్కించాలి. మేరాజ్ పథకం నాకు తర్వాత తెలిసింది. సీతాబాయిని ఇంకో మూలకు తీసుకెళ్లి అదే పని చేయాలని.

తాయిఫ్ దూరం. గురువారం బయల్దేరి, శుక్రవారం తెల్లారేసరికి షఫా కొండ మీద ఉన్నాం. ఆ పొద్దుటి చలి, ఆ మబ్బు, మెట్లు మెట్లుగా కొండవాలు పొలాలు. ఎక్కడి ఎడారి, ఎక్కడి మేము! రోడ్డు పక్క గోడ మీద కోతుల కుటుంబం ఒకటి మాకంటే పద్ధతిగా కూర్చుని ఉంది. అబూ సాలిహ్ అనే పెద్దాయన తోటలోకి మమ్మల్ని రమ్మన్నాడు. గులాబీలంటే నేను పెళ్లిళ్లలో చూసిన ఎర్రటి గట్టి పూలు అనుకున్నాను. ఇవి లేత రంగువి, మెత్తటివి, విప్పారీ విప్పారకముందే ఎండ తగలకుండా కోసేయాలట. వాసన ముక్కులో కాదు, గుండెలో దిగుతుంది.

"గులాంకూ గులాబీకీ తేడా ఎంత? ఒక్క బీ," అన్నాను మేరాజ్ బీ వైపు చూస్తూ. "ఆ బీ పక్కనుంటేనే వాసన." అంతటితో చప్పిడి కూర శిక్ష రద్దయింది.

సీతాబాయి తోటవాళ్లతో పాటు వరుసలోకి దిగిపోయి, పత్తి ఏరిన చేతులతో చకచకా పూలు కోసింది. భోజన్న దూరంగా నిలబడి ఆమెనే చూస్తున్నాడు. చూస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదన్నట్టు చూస్తున్నాడు. ముల్లు గుచ్చుకుని ఆమె 'అబ్బా' అంటే ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె తలెత్తగానే ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఈ మనిషికి వేరే ఆడమనిషా అని నాకు మొదటిసారి అనుమానం మీద అనుమానం వచ్చింది.

జుమ్మా నమాజు చదివి వచ్చి భోజనాలు కానిచ్చాం. పూలు ఉడకబెట్టే రాగి బానల షెడ్డు పక్కన పొడుగాటి రాతి గోడ ఒకటి ఉంది. తిన్న చెయ్యి ఆరకముందే భోజన్న లేచి ఆ గోడ ఈ పక్కకు నడిచాడు. నేను 'పళ్లు కుట్టుకోను పుల్ల కావాల' అని గొణిగి వెనకే పోయాను. షెడ్డు మూల చాటున నిలబడ్డాను. నాకు రెండు బారల దూరంలో, నాకు వీపు పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏళ్ల తరబడి మోటార్ల మోతలో పనిచేసి చెవి కాస్త మందగించిన మనిషి, ఫోన్ చప్పుడు పూర్తిగా పెంచి పెట్టుకుంటాడు. గుహ కాదు కాబట్టి ఇక్కడ ఏదీ మోగదు. ఇవాళ ఆ గొంతు దొరికిపోతుంది అనుకున్నాను.

"ఈడ గులాబి తోటల ఉన్న," అన్నాడు భోజన్న. "ఇసొంటి వాసన నేను ఎన్నడు చూడలే. నువ్వు సూడాలె." ఫోన్ రెండో చేతికి మార్చాడు. "ఇగో, కంపెనోళ్లు ఆదివారం దాకా చెప్పుమన్నరు. ఉంటనని చెప్పాల్నా? ఇంటికి అస్తనని చెప్పాల్నా?"

నాకు ఒళ్లు మండింది. ఇంటికి రావాలో వద్దో ఆ ఎవరో మనిషిని అడుగుతున్నాడు! ఇక ఆగకూడదని నోరు తెరిచాను. నేను నోరు తెరిచానంటే తాయిఫ్ మొత్తం వింటుంది.

"ఇంటికచ్చి ఏం జేస్తవు?"

ఆ మాట గోడ అవతల నుంచి వచ్చింది. ఒక క్షణం ఆగి, ఏ టవరు చుట్టూ తిరిగొచ్చిందో, అదే మాట భోజన్న చేతిలోని ఫోన్‌లోంచి వచ్చింది.

"ఇంటికచ్చి ఏం జేస్తవు?"

నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"అచ్చినప్పుడల్ల టీవీ ముందల కూసుంటవ్," అంది గోడ అవతల సీతాబాయి. "టీవీ ముందల కూసుంటవ్," అంది ఫోన్.

"నీ ముందల కూసుంటే నాకు మాట అస్తలేదు సీతా. నేనేం జెయ్యాలె?"

"నాకస్తున్నదా?"

షెడ్డులో బానల కింద మంట చిటపటలాడింది.

"అచ్చెయ్," అంది సీతాబాయి. "ఫోన్ల మనిషి మంచోడు. ఆయన గావాలె నాకు. నువ్వు ఇంట్ల ఉండు, నేను చేన్ల ఉంట, ఫోన్ జేస్కుందాం. మెల్లమెల్లగ నేర్సుకుందాం."

భోజన్న భుజాలు కదులుతున్నాయి. కండువాతో ముఖం తుడుచుకుని, "అస్త," అన్నాడు. "ఆదివారం చెప్తా. అచ్చేస్త."

నేను పిల్లిలా వెనక్కి నడిచాను. గోడ చివర దేన్నో ఢీకొన్నాను. మేరాజ్. ఆమె కూడా అటువైపు నుంచి పిల్లిలా వెనక్కి నడుస్తోంది. ఆమె కళ్లలో నీళ్లు.

"జీ, ఆమె ఫోన్‌లో ఉండేది..."

"ఆయనే."

"మోకాలు..."

"సీతాబాయిదే. నువ్వే కదా మొన్న ఆమెకు తైలం ఇచ్చింది, ఇద్దరికీ తట్టనే లేదు!"

"రెండు పళ్లేలు తిన్న మనిషినే తిన్నవా అని అడిగిందా!"

అంతలో సృజన వచ్చింది, మేమిద్దరం గోడ చాటున ఏం చేస్తున్నామో చూడడానికి. వచ్చీ రాగానే మా ముఖాలు చూసి బెదిరిపోయింది. మొత్తం చెప్పాను. గుసగుసగానే చెప్పాను. అయితే నా గుసగుస వేరేవాళ్ల పిలుపంత ఉంటుంది కాబట్టి మేరాజ్ నా నోటికి చున్నీ అడ్డం పెట్టి చెప్పించింది. హుఫూఫ్ గుహ సంగతి, వేలికి చుట్టుకున్న కొంగు సంగతి, మేము మనసులో కట్టుకున్న లేనిపోని మనుషుల సంగతి, చివరికి 'అచ్చేస్త' అన్న మాట. పిల్ల ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత నేల మీద కూలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా మోకాళ్లలో ముఖం పెట్టుకుంది.

"ఇయ్యాల శుక్రవారం చాచా," అంది కాసేపటికి. "నాయినకు సెలవు శుక్రవారమే గదా. అన్నం తిన్నంక ఫోన్ చేసెటోడు. ఇంట్ల తాత, నాయినమ్మ, మేనత్తలు. వాళ్ల ముందల మొగనితోని మాట్లాడితే సిగ్గని అమ్మ ఫోన్ పట్టుకొని మక్క చేన్లకు పోయేది. మేము పోతే తరిమేది. నాయిన సెలవు మీద ఇంటికస్తే ఇద్దరు మళ్ల గప్‌చుప్. ఫోన్ల తప్ప వాళ్లు ఎన్నడు మాట్లాడుకోనే లేదు. వారం వారం ఈయన ఈడ చూసింది చెప్పెటోడు, నువ్వు సూడాలె అనెటోడు. పక్కన నిలవడ్డా నోటికి అదే అస్తున్నది." ముక్కు తుడుచుకుంది. "నేను ఇద్దర్ని ఒక్క సోఫాల కూసోవెట్టి మాట్లాడుండ్రి మాట్లాడుండ్రి అని పీకల మీద కూసున్న."

అప్పుడు అబూ సాలిహ్ గహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోసిన పాత్ర పట్టుకుని వచ్చాడు. గవ్వంత కప్పుల్లో గహ్వా పోస్తూ, ఈ అమ్మాయి ఎందుకేడుస్తోంది, నా తోటలో ఎవరైనా ఏమన్నా అన్నారా అని అడిగాడు. నా అరబిక్ బస్సుల అరబిక్. కుడికి తిప్పు, ఎడమకు ఆపు, లైసెన్సు చూపించు వరకే. ఉన్న మాటల్లోనే సర్దాను. గోడ ఈ పక్క మొగుడు, ఆ పక్క పెండ్లాం. ఇంట్లో మాటల్లేవు. ఫోన్‌లో మాటలు. ఇరవై ఏళ్లు. ఇప్పుడు ఆయన ఇంటికి పోతున్నాడు.

పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. పాత్ర దించాడు. గోడ వైపు చూసి, అడిగాడు: "మరి మాట్లాడుకోవడం అయిపోయిందా?"

"లేదు, ఇంకా మాట్లాడుకుంటున్నారు."

"అయితే మీరంతా ఇక్కడేం చేస్తున్నారు?"

ఆ మాటకు సిగ్గుపడి ముగ్గురం లేచాం. ఆయన మమ్మల్ని గొర్రెల్ని తోలినట్టు తోలుకుపోయి, దూరంగా దానిమ్మ చెట్ల కింద తివాచీ మీద కూర్చోబెట్టాడు. తోటలో పనిచేసే బంగ్లాదేశీ కుర్రాళ్లు ఏమైందని సైగ చేస్తే, వాళ్లకు హిందీలో మళ్లీ మొదటి నుంచి చెప్పాను. వాళ్లలో ఒకడు విని, గమ్మున లేచి, జేబులోంచి ఫోన్ తీసుకుని గులాబీ వరుసల్లోకి పోయాడు.

మాకు కూర్చున్న చోటి నుంచి గోడ పొడుగునా కనిపిస్తోంది. మాట ఒక్కటీ వినపడదు. ఈ పక్క భోజన్న లేచాడు. ఫోన్ చెవి దగ్గరే ఉంది, ఏదో చెబుతూ, రెండో చెయ్యి ఊపుతూ, గోడ వెంట నెమ్మదిగా నడుస్తున్నాడు. ఆ పక్క సీతాబాయి కూడా నడుస్తోంది, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. ఇద్దరి నడకా ఒకే వైపు. కొంతదూరం పోయాక గోడ అయిపోయింది.

ఎదురెదురుగా ఆగిపోయారు. ఎవరూ ఫోన్ దించలేదు. భోజన్న పెదవులు కదిలాయి. సీతాబాయి తలూపింది.

ఆ తర్వాత ఏం జరిగిందో నేను చెప్పలేను. మేరాజ్ నా తల రెండు చేతులా పట్టుకుని కొండల వైపు తిప్పేసింది.

"అటు చూడండి జీ," అంది, "తాయిఫ్ ఎంత బాగుండాదో."